ధనం, ప్రాణం, పరిచర్య: ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ఎదుర్కొన్న మూడు పరీక్షలు

ఉపోద్ఘాతం

అపొస్తలుడైన యోహాను తన మొదటి పత్రిక 2వ అధ్యాయంలో లోకసంబంధమైన కోరికలను మూడు పేర్లతో పేర్కొన్నాడు: శరీరాశ, నేత్రాశ, జీవపుడంబము. మన ప్రసంగాలలో ఈ మూడు మాటలు తరచుగా వినబడతాయి. అయితే వాటికి మనం ఇచ్చే ఉదాహరణలు ఎక్కువగా తాగుడు, వ్యభిచారం, నగలు, ఆడంబరపు పెళ్లిళ్ల దగ్గరే ఆగిపోతాయి. ఎవరూ తప్పుపట్టని కోరికలు కూడా కొన్ని ఉన్నాయి. రేపటికి కొంత దాచుకోవాలని, ప్రాణం కాపాడుకోవాలని, చేపట్టిన పరిచర్య నిలబడాలని కోరుకోవడం అటువంటివి. ఇవి పాపాలు కావు. కానీ దేవుని మీద ఉండవలసిన నమ్మకం మనకు తెలియకుండానే వీటి మీదికి జరిగిపోతుంది.

ఈ విషయాన్ని చరిత్ర వెలుగులో పరిశీలించడానికి ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ (1795–1853) జీవితాన్ని ఈ వ్యాసంలో తీసుకుంటున్నాం. ఆయన తెలుగు సంఘ చరిత్రకు దూరపువాడు కాడు. గోదావరి డెల్టాకు మొదటి బ్రదరెన్ మిషనెరీలను వెంటబెట్టుకొని వచ్చినవాడు ఆయనే. చిత్తూరులో చాలాకాలం నివసించినవాడు కూడా. ఆయన జీవితంలో నమ్మకం మూడు చోట్ల పరీక్షకు నిలిచింది. ఎక్సెటర్‌లో ధనం, బాగ్దాద్‌లో ప్రాణం, చిత్తూరులో పరిచర్య ఆ పరీక్షలకు కారణాలయ్యాయి. ఒక చోట విడిచిపెట్టిన ఆశ మరొక చోట వేరే రూపంలో ఎదురవుతుందనీ, చివరికి అది పరిచర్య వేషంలోనే రావచ్చుననీ చూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఎక్సెటర్: దాచుకోకుండా బ్రదికిన దంతవైద్యుడు

గ్రోవ్స్ వృత్తిరీత్యా దంతవైద్యుడు. మొదట ప్లిమత్‌లో, తరువాత ఇంగ్లండు నైరుతి ప్రాంతంలోని ఎక్సెటర్ పట్టణంలో వైద్యం చేశాడు. 1816లో తన బంధువైన మేరీని వివాహం చేసుకున్నాడు. ఎక్సెటర్‌లో ఆయన సంపాదన సంవత్సరానికి సుమారు 1,500 పవుండ్లకు చేరింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం.

మిషనెరీగా వెళ్లాలనే కోరిక ఆయనకు యౌవనంలోనే కలిగింది. భార్య అందుకు ఇష్టపడలేదు. ఆయన ఆమెను బలవంతపెట్టలేదు, ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. ఈలోగా దంపతులిద్దరూ తమ రాబడిలో పదవ వంతు బీదలకు ఇవ్వడం మొదలుపెట్టారు. తరువాత అది నాలుగవ వంతు అయింది. చివరికి సాదా జీవనానికి అవసరమైనది ఉంచుకొని మిగిలినదంతా ఇచ్చివేయసాగారు. ఈ దానాలను పంచడానికి మేరీ బీదల ఇళ్లకు వెళ్లేది. అక్కడ ఆమె కలుసుకున్న పేద విశ్వాసుల జీవితమే ఆమె మనసు మార్చింది. భర్త వాదనలతో కాని పని బీదల గుడిసెలలో జరిగింది.

1825లో గ్రోవ్స్ 'క్రిస్టియన్ డివోటెడ్‌నెస్' అనే చిన్న పుస్తకం ప్రకటించాడు. భూమిమీద ధనం కూర్చుకోవద్దని మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటను చెప్పినది చెప్పినట్టుగానే తీసుకోవాలన్నది దాని సారాంశం. ఆయన పనిని తక్కువ చేయలేదు. శ్రద్ధగా పనిచేయాలి, తన కోసం కొంచెమే ఖర్చు చేయాలి, మిగిలినది ప్రభువు కోసం ఇచ్చివేయాలి అన్నాడు. పిల్లల పేర ఆస్తి దాచడం కూడా దేవుని తండ్రితనాన్ని నమ్మకపోవడమే అవుతుందని వాదించాడు. ఆనాటి భక్తిగల మధ్యతరగతి కుటుంబాలకు ఈ చివరి మాటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. గ్రోవ్స్ సన్న్యాసాన్ని బోధించలేదు. అన్నం, వస్త్రం, దాంపత్యం చెడ్డవని ఎక్కడా అనలేదు. దేహం దేవుడు చేసినదే గనుక దాని అవసరాలు కూడా దేవునికి తెలుసు అన్నదే ఆయన వాదనకు పునాది. మన దేశంలో త్యాగమంటే కోరికను చంపుకోవడమని చాలామంది తలస్తారు. మత్తయి 6వ అధ్యాయం చెప్పేది కోరికను చంపుకోవడం గురించి కాదు, చింతను తండ్రికి అప్పగించడం గురించి. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే మన బోధ వైరాగ్యంగా మారుతుందే తప్ప విశ్వాసంగా ఉండదు.

2. ఒక పుస్తకం ప్రభావం: జార్జ్ ముల్లర్, జీతం ప్రశ్న

గ్రోవ్స్ ఇంట్లో 1826 నుండి 1828 వరకు పిల్లలకు చదువు చెప్పిన యువకుడు హెన్రీ క్రేక్. 1829లో టిన్‌మత్ ప్రాంతంలో జర్మనీ దేశస్థుడైన జార్జ్ ముల్లర్‌తో ఆయనకు స్నేహం కుదిరింది. ఎక్సెటర్ దంతవైద్యుడు గొప్ప సంపాదన వదలి పర్షియా వైపు బయలుదేరుతున్నాడన్న వార్త ముల్లర్‌ను కదిలించింది. 1830 అక్టోబరులో ముల్లర్ గ్రోవ్స్ చెల్లెలైన మేరీని వివాహం చేసుకున్నాడు. అదే నెలలో టిన్‌మత్ సంఘం నుండి తనకు వచ్చే 55 పవుండ్ల వార్షిక జీతాన్ని వదులుకున్నాడు.

అందుకు ముల్లర్ చూపిన కారణాలు ఈనాటి కాపరులు కూడా ఆలోచించదగినవి. ఆ జీతం మందిరంలోని బెంచీల అద్దె నుండి వచ్చేది. డబ్బున్నవారికి మంచి చోటు, లేనివారికి వెనుక చోటు దొరికేవి. యాకోబు పత్రిక 2వ అధ్యాయం ఖండించిన పక్షపాతం ఇదేనని ఆయన గ్రహించాడు. నిర్ణీత దినాన తప్పక ఇవ్వవలసిన చందా కొందరికి సంతోషంతో ఇచ్చే కానుక కాదనీ, జీతం ఇచ్చేవారి ముఖం చూసి బోధకుడు సత్యాన్ని మెత్తబరచే ప్రమాదం ఉందనీ ఆయన భావించాడు. కాబట్టి జీతం వదలడం ఆయనకు కేవలం త్యాగం కాదు, అది బోధించే స్వాతంత్ర్యం.

తరువాత బ్రిస్టల్‌లో 1836లో ఆయన ప్రారంభించిన అనాథాశ్రమం పెరిగి, ఆయన జీవితకాలంలో 10,000కు పైగా పిల్లలకు ఆశ్రయమైంది. తన అవసరాలను మనుష్యులకు చెప్పి సహాయం అడగకూడదన్నది ఆయన నియమం. అయినా ప్రతి సంవత్సరం నివేదికలు ప్రచురించేవాడనీ, అవి చదివినవారు కానుకలు పంపేవారనీ మరచిపోరాదు. ఈ చిక్కు ఆయనకూ తెలుసు. 1841 చివరలో ఆశ్రమం గడ్డు పరిస్థితిలో ఉన్నప్పుడు, నివేదిక చెప్పే బహిరంగ కూటాన్ని కావాలనే వాయిదా వేశాడు. అప్పుడు కూటం పెడితే అది పరోక్షంగా అడిగినట్టవుతుందని ఆయన భయం. తన నియమాన్ని తానే ఇంత నిశితంగా పరీక్షించుకున్నాడు గనుకనే ఆయన సాక్ష్యానికి బరువుంది.

3. బాగ్దాద్: ప్రాణభద్రత పరీక్ష

గ్రోవ్స్ ఏ మిషన్ సంస్థ జీతమూ లేకుండా 1829 జూన్‌లో కుటుంబంతో బయలుదేరాడు. రష్యా మీదుగా ప్రయాణించి అదే సంవత్సరం డిసెంబరులో బాగ్దాద్ చేరాడు. భార్య, ఇద్దరు కుమారులు, పిల్లల ఉపాధ్యాయుడిగా చెవిటివాడైన జాన్ కిట్టో వెంట ఉన్నారు. అక్కడ వారు ఒక పాఠశాల నడిపారు, రోగులకు వైద్యం చేశారు.

1831 వసంతకాలంలో బాగ్దాద్‌లో ప్లేగు చెలరేగింది. బ్రిటిష్ రెసిడెంటు తన పరివారంతో బస్రాకు వెళ్లిపోతూ తన పడవలో చోటు ఇస్తానన్నాడు. గ్రోవ్స్ దంపతులు ప్రార్థించి నిలిచిపోయారు. జనం వేలల్లో చనిపోతుండగా టైగ్రిస్ నదికి వరద వచ్చింది. నగరపు గోడ కూలింది, వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి. గ్రోవ్స్ ఇల్లు నిలిచింది, అంటువ్యాధి కూడా చాలా రోజుల వరకు ఆ గడప దాటలేదు. దేవుడు తమ ఇంటిని కాపాడుతున్నాడని వారు ఆశించారు. ప్లేగు తగ్గుముఖం పడుతున్న సమయంలో మేరీకి ఆ వ్యాధి సోకింది. 1831 మే 14న ఆమె మరణించింది. కొన్ని నెలలకే వారి పసిపాప కూడా కన్నుమూసింది. ఆ సంవత్సరంలోనే నగరం ముట్టడికి గురై, దావూద్ పాషా పాలన కూలిపోయింది.

ఆ నెలల దినచర్య 1832లో లండన్‌లో పుస్తకంగా వెలువడింది. అందులో విజయగాథ లేదు. భార్యను పోగొట్టుకున్న మనిషి, దేవుని ఎదుట తన ప్రశ్నలను దాచకుండా పెట్టుకోవడం కనిపిస్తుంది. నమ్మినవారి గుడారాన్ని తెగులు సమీపించదనే అర్థంలో మనం 91వ కీర్తనను బోధిస్తుంటాం. గ్రోవ్స్ అనుభవం అటువంటి బోధను నిలిపి ప్రశ్నిస్తుంది. నమ్మినందుకు ప్రతిఫలంగా ప్రాణభద్రత దొరుకుతుందని అనుకుంటే, అప్పుడు మనం దేవుని నమ్ముతున్నామా, లేక దేవుని ద్వారా మన భద్రతనే నమ్ముతున్నామా? దానియేలు 3వ అధ్యాయంలో అగ్నిగుండం ఎదుట నిలిచిన ముగ్గురు, దేవుడు రక్షించకపోయినా తాము ప్రతిమకు నమస్కరించబోమని చెప్పారు. గ్రోవ్స్ ఆ చోటికి చేరింది పుస్తకం రాసిన 1825లో కాదు, సమాధి దగ్గర నిలిచిన 1831లో.

అలాగని ఉండిపోయిన వారే విశ్వాసులు, పడవ ఎక్కినవారు అవిశ్వాసులు అనే తీర్పు మనం చెప్పకూడదు. యేసుప్రభువే తన శిష్యులతో, ఒక పట్టణంలో హింస కలిగితే మరొక పట్టణానికి పారిపోమన్నాడు (మత్తయి 10:23). అంటువ్యాధి కాలంలో జాగ్రత్త పాటించడం అవిశ్వాసం కాదని 2020–21 కోవిడ్ అనుభవం తరువాత మన సంఘాలకు వేరుగా చెప్పనక్కరలేదు.

4. గోదావరి డెల్టా: త్యాగం చేసినవారు, త్యాగానికి ఏమీ లేనివారు

1833లో బాగ్దాద్ మీదుగా భారతదేశానికి తిరిగి వస్తున్న ఇంజనీరు ఆర్థర్ కాటన్‌తో కలిసి గ్రోవ్స్ మన దేశానికి వచ్చాడు. తరువాతి కాలంలో ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) కట్టించిన కాటన్ దొర ఈయనే. దేశమంతా తిరిగి చూసిన గ్రోవ్స్ ఇంగ్లండు వెళ్లి, 1836లో కొత్తవారితో మద్రాసు చేరాడు. వారిలో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు ఉన్నారు. ఈ రెండు కుటుంబాలు బార్న్‌స్టేపుల్ పట్టణంలో రాబర్ట్ చాప్‌మన్ సంఘానికి చెందినవి. చాప్‌మన్ కూడా న్యాయవాద వృత్తినీ ఆస్తినీ వదలుకున్నవాడే. బౌడెన్ రాతిపని చేసేవాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. ఏ సంస్థ జీతమూ లేని ఈ చేతిపనివారు మచిలీపట్నం మీదుగా, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలలో స్థిరపడ్డారు. అదే గోదావరి డెల్టా మిషన్‌కు ఆరంభం.

చెప్పులు కుట్టే వృత్తినిబట్టి మనిషిని అంటరానివాడిగా చూసే సమాజంలోకి చెప్పులు కుట్టే మిషనెరీ రావడం చిన్న విషయం కాదు. దీని ప్రాధాన్యాన్ని మన చరిత్రకారులు ఇంకా లోతుగా పరిశీలించవలసి ఉంది.

అయితే ఇక్కడే ఒక కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. గ్రోవ్స్ పుస్తకం 1,500 పవుండ్లు సంపాదించేవారిని ఉద్దేశించినది. గోదావరి, కృష్ణా డెల్టాల ప్రజలు 1832–33 నాటి డొక్కల కరువును అప్పుడే చూసి ఉన్నారు. ఆ తరువాతి దశాబ్దాలలో సువార్తను అంగీకరించినవారిలో అధికులు మాల, మాదిగ కూలి కుటుంబాలవారు. ధనం కూర్చుకోవద్దన్న మాట, ఏనాడూ గింజ దాచుకోలేని మనిషి చెవికి ఎలా వినిపిస్తుంది? స్వచ్ఛందంగా విడిచిపెట్టడం వేరు, ఇతరులు లాగేసుకోవడం వేరు. మొదటిది విశ్వాసం, రెండవది అన్యాయం. ఈ తేడా చూపకుండా తృప్తిని బోధిస్తే, దేవుని మీద నమ్మకం అనే మాట కామందుకు ఉపయోగపడుతుంది గాని కూలివానికి కాదు.

ఈ విషయంలో ఒంగోలు చరిత్ర మనకు తోడ్పడుతుంది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికే ఏర్పాటు చేశాడు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవారికి ఇవ్వకుండా నిలిపివేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట వారి మీద పడకూడదని ఆయన ఉద్దేశం. సహాయం ముగిసిన తరువాత కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ జీతం తీసుకునే మిషనెరీ. అయినా ఆకలిని ఆశగా నిందించలేదు, దానిని ఎరగానూ వాడుకోలేదు. దేవుని మీద నమ్మకం జీతం ఉందా లేదా అన్న దానిలో ఇమిడిపోదని ఇది మనకు నేర్పుతుంది.

5. చిత్తూరు: పరిచర్య రూపంలో వచ్చిన ఆశ

గ్రోవ్స్ మద్రాసులో కొంతకాలం దంతవైద్యం చేసి, తరువాత నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా కేంద్రమైన చిత్తూరుకు మారాడు. డేరాలు కుట్టిన పౌలు ఆయనకు మాదిరి. విశ్వాసులు తమ చేతులతో పనిచేసుకొని బ్రదుకుతూ సువార్త ప్రకటించాలని, విదేశీ ధనం మీద ఆధారపడకూడదని ఆయన తలచాడు. ఇది ఆ కాలానికి ఎంతో ముందుచూపుగల ఆలోచన. స్థానిక విశ్వాసులను మిషనెరీల కింద ఉద్యోగులుగా కాక సహోదరులుగా చూడాలన్న పట్టుదల కూడా దాని వెనుక ఉంది. ఆయనతో సహవాసం చేసిన తమిళ సువార్తికుడు జాన్ అరుళప్పన్ క్రమమైన జీతాన్ని నిరాకరించాడు. కూలికి బోధిస్తున్నాడన్న మాట ప్రజలు అనకూడదన్నదే ఆయన కారణం. అరుళప్పన్ 1840లో స్థాపించిన క్రిస్టియన్‌పేట 1860 నాటి తమిళనాడు ఉజ్జీవానికి ఒక కేంద్రమైంది.

చిత్తూరులో గ్రోవ్స్ వ్యవసాయం, పట్టుపురుగుల పెంపకం మొదలుపెట్టాడు. ఆరంభంలో ఆశాజనకంగా కనిపించింది. పనిని విస్తరించడానికి డబ్బు పెట్టాడు, అప్పు కూడా చేశాడు. పట్టు పని నష్టపోయింది. దాచుకోవద్దని రాసిన మనిషి అప్పుల చింతలో సంవత్సరాలు గడిపాడు. వ్యాపారపు బరువు పరిచర్యకు ఇవ్వవలసిన సమయాన్నీ మనసునూ తినివేసింది.

ఈ ఘట్టాన్ని కొందరు జీవితచరిత్రకారులు త్వరగా దాటిపోతారు. మన దృష్టిలో ఇదే అన్నిటికంటే విలువైనది. గ్రోవ్స్ చిత్తూరులో తన సుఖం కోసం ఏమీ కోరుకోలేదు. ఆయన కోరినదంతా పని కోసమే. సరిగ్గా అందుకే ఆ కోరికను గుర్తుపట్టడం కష్టమైంది. ఎక్సెటర్‌లో ధనం ఎదురుగా నిలబడి ఉంది, దానిని కాదనవచ్చు. బాగ్దాద్‌లో మరణం ఎదురుగా ఉంది, దాని ముందు మోకరించవచ్చు. చిత్తూరులో ఎదురైనది మంచి పని. మంచి పని కోసం కొంచెం అప్పు, మరికొంచెం విస్తరణ, ఇంకొక సంవత్సరం ఓపిక. దేవుడు ఇచ్చినంతలో నడవడానికి బదులు, దేవుడు ఇంకా ఇవ్వనిదాన్ని ఇచ్చినట్టే లెక్కవేయడం అక్కడ జరిగింది.

గ్రోవ్స్ చివరిసారిగా 1852లో ఇంగ్లండు తిరిగి వెళ్లాడు. 1853 మే 20న బ్రిస్టల్‌లో, తన పుస్తకం చదివిన ముల్లర్ ఇంటిలోనే మరణించాడు.

6. కాపరులకు, వేదవిద్యార్థులకు కొన్ని ఆలోచనలు

మొదటిది, జీతం గురించి. జీతం తీసుకోవడం అవిశ్వాసం కాదు. పనివాడు తన జీతానికి పాత్రుడని లూకా 10వ అధ్యాయం, 1 తిమోతి 5వ అధ్యాయం చెబుతున్నాయి. జీతం లేకపోవడం దానంతటదే విశ్వాసం కాదు. నెలజీతం లేని కాపరి ధనవంతుడైన ఒక్క విశ్వాసి ముఖం చూసి ప్రసంగం మార్చుకుంటే, అతడు జీతగాని కంటే ఎక్కువ బందీ. ముల్లర్ వేసుకున్న ప్రశ్న మనమూ వేసుకోవాలి: నా రాబడి నా నోటిని ఎక్కడ మూయిస్తోంది?

రెండవది, సంఘాల బాధ్యత గురించి. 'విశ్వాస పరిచర్య' అనే గొప్ప మాటను, కాపరి కుటుంబాన్ని పోషించే బాధ్యత తప్పించుకోవడానికి కొన్ని సంఘాలు వాడుకుంటున్నాయి. గ్రోవ్స్ తన సొంత సంపాదనను వదులుకున్నాడు, ఎదుటివాని అన్నాన్ని కాదు. తన భార్య మనసు మారేవరకు ఏళ్ల తరబడి ఆగాడు కూడా. కాపరి చేసిన ప్రతిష్ఠకు అతని భార్యాపిల్లలు పస్తులుండి వెల చెల్లించేటప్పుడు, ఆ నిర్ణయంలో వారి స్వరం వినబడిందా అని అడగాలి.

మూడవది, సంపన్నతా బోధ గురించి. నమ్మితే ధనం, ఆరోగ్యం తప్పక వస్తాయన్న బోధ శరీరాశను ఖండించదు, దానికి ప్రార్థన నేర్పుతుంది. బాగ్దాద్ సమాధి ఆ బోధకు సూటి జవాబు.

నాలుగవది, విస్తరణ గురించి. అప్పు చేసి కట్టిన మందిరం, వడ్డీ కట్టడానికి పెట్టిన ప్రత్యేక కూటాలు, వాటి కోసం విశ్వాసుల మీద పడిన ఒత్తిడి మనకు తెలియనివి కావు. చిత్తూరు అనుభవం 180 ఏళ్ల నాటిదైనా అది మన పక్క వీధిలో జరిగినట్టే ఉంటుంది.

ముగింపు

దేవుని మీద నమ్మకం ఒక రోజున సంతకం చేసి ముగించే త్యాగపత్రం కాదని గ్రోవ్స్ జీవితం చూపిస్తుంది. సంపద వదలినవానికి ప్రాణం అడ్డురావచ్చు. ప్రాణం అప్పగించినవానికి పరిచర్యే అడ్డురావచ్చు. ఫిలిప్పీయులకు 4వ అధ్యాయంలో పౌలు, ఏ స్థితిలోనైనా సంతృప్తి కలిగి ఉండడం తాను నేర్చుకున్నానని అన్నాడు. నేర్చుకున్నాననడంలోనే అది కాలం తీసుకున్న పాఠమని ఒప్పుకోవడం ఉంది. ఇంగ్లండు దంతవైద్యుడు ఆ పాఠాన్ని మూడు చోట్ల చదివాడు, వాటిలో చివరిది తెలుగు నేల. ఈనాడు పరిచర్యకు సిద్ధపడుతున్న మనం ఏమి వదలివచ్చామని లెక్కపెట్టుకోవడం సులభం. వదలివచ్చిన తరువాత దేనిని గట్టిగా పట్టుకున్నామో చూసుకోవడం కష్టం. పరీక్ష అక్కడే ఉంది.